జర్మనీ బాబు కాలికి ముసాంబరం పట్టు

పోయిన మంగళవారం సాయంత్రం మా మనవరాలు బడి నుంచి వస్తూనే బూట్లయినా విప్పకుండా నేరుగా నా గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, మంచం అంచున కూలబడి, ఎడమకాలి మేజోడు కిందికి లాగి చూపించింది. చీలమండ బూరెలా పొంగి ఉంది. పదేళ్ల పిల్ల. మా ఇంటావంటా లేని ఫుట్‌బాల్ పిచ్చి దీనికెలా పట్టుకుందో తెలియదు గానీ, వారానికి మూడు రోజులు బురద కొట్టుకుని ఇంటికి రావడం మాకందరికీ అలవాటైపోయింది. శనివారం బడి జట్టుకు ఎంపిక ఉందట. "తాతా, మమ్మీకి చెప్పొద్దు లా, ప్లీజ్. సాటర్డే సెలక్షన్. ప్రామిస్?" అని ఇక్కడి పిల్లల యాసలో అడిగి చెయ్యి చాపింది. ఆ చేతిలో చెయ్యి వేశాను గానీ, నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నా కళ్లకు కనబడింది దాని కాలు కాదు. పాతికేళ్ల కిందట సింగపూర్‌లో ఇదే యూ టీ పేటలో, మా ఎదురింట్లో ఉన్న జర్మన్ ఆటగాడి కాలు.

మా తరం వాళ్లకు ఆ రోజుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. వైటూకే పుణ్యమా అని, కోబాల్‌లో నాలుగు ముక్కలు వచ్చిన ప్రతివాడికీ రెక్కలొచ్చిన కాలం అది. అమీర్‌పేటలో కోర్సు చేసి, ఒక హోటల్ గదిలో ఇంటర్వ్యూ ఇచ్చి, ప్రెషర్ కుక్కరూ, దానికి అదనంగా రెండు గ్యాస్కెట్లూ పట్టుకుని సింగపూర్‌లో దిగాను నేను. అప్పటికే ముప్పై అయిదు దాటాయి, ఎనిమిదో ఏట అడుగుపెట్టబోతున్న కూతురు ఉంది. రాఫెల్స్ ప్లేస్‌లో ఓ బ్యాంకులో పని. ఉద్యోగం మాత్రం బ్యాంకుది కాదు. మధ్యలో ఒక కంపెనీ ఉండి మమ్మల్ని ఏడాది కాంట్రాక్టు మీద బ్యాంకుకు అద్దెకిచ్చేది. ఏడాది తిరిగేసరికి కాంట్రాక్టు పొడిగిస్తే ఉన్నట్టు, లేదంటే ఇక్కడ పనిచేసుకునే పాసు రద్దయి కుక్కరు మళ్లీ పెట్టెలో పెట్టుకోవలసిందే.

అందుకని మాలో ఒక అలిఖిత నియమం ఉండేది. రెన్యూవల్ నెలలో ఎవడూ సెలవు అడగకూడదు, ఎవడికీ జబ్బు చెయ్యకూడదు, చేసినా పైకి తెలియనివ్వకూడదు. నూట రెండు జ్వరంతో మాత్ర మింగి, మెడకు టై బిగించుకుని, జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారి ఆఫీసుకు పోయి, ఫైన్ ఫైన్ అంటూ పళ్లికిలించిన రోజులు నాకు గుర్తున్నాయి. మా బ్యాచ్‌లో ఒకాయన వెన్నుపూస జారినా కుర్చీకి దిండు కట్టుకుని నెలంతా నెట్టుకొచ్చాడు. దాన్ని మేము తెలివి అనుకునేవాళ్లం. మంచి కాంట్రాక్టు మనిషి అంటే వాడూ అని చెప్పుకునేవాళ్లం కూడాను.

ఇక మా ఎదురింటాయన. ఇక్కడి ఫుట్‌బాల్ లీగులో ఆడటానికి ఒక క్లబ్బు వాళ్లు రప్పించి, మా అంతస్తులోనే ఎదురు ఫ్లాట్ అద్దెకు తీసి పెట్టారు. ఆరడుగుల పైమాటే. గోధుమరంగు జుట్టు, ఎండకు కందిపోయిన మెడ, తలుపు దాటేటప్పుడు అలవాటుగా తల వంచే మనిషి. మొదటి మూడు నెలలూ లిఫ్టులో ఎదురుపడితే ఆయన హలో అనడం, నేను హలో అనడం, ఇద్దరం అంకెల వంక చూస్తూ నిలబడటం. అంతకు మించి మా మధ్య ఏమీ లేదు.

మమ్మల్ని కలిపినవి ఒడియాలు. మా ఆవిడ ఎండాకాలం చలికాలం తేడా లేని ఈ దేశంలో ఎండ కాస్తే చాలు, కారిడార్‌లో పాత చీర పరిచి గుమ్మడి ఒడియాలు పెట్టేసేది. ఆయన తడి బూట్లు గోడ మీద ఆరబెట్టుకునేవాడు. పొద్దున్నే ప్రాక్టీసుకు పోతూ ఆ చీర అంచు తొక్కకుండా, పడుకున్న పసిపిల్లను దాటినట్టు, అంత పొడుగు కాళ్లతో ఓ పక్కగా దాటుకుంటూ పోయేవాడు. ఒకరోజు మేము ముగ్గురం టెక్కా మార్కెట్‌కు వెళ్లగా కుండపోతగా వాన. ఒడియాల మీద ఆశ వదిలేసుకుని ఇంటికొస్తే చీరా లేదు, ఒడియాలూ లేవు. ఎదురింటి తలుపు తీసి ఉంది. లోపల నేల మీద మా చీర మడత నలగకుండా పరిచి, పైన ఫ్యాను వేసి, ఒక మూలకు కుర్చీ జరుపుకుని కూర్చుని ఉన్నాడు మహానుభావుడు. అవి ఏమిటో కూడా ఆయనకు తెలియదట, ఇన్నాళ్లుగా ఇంత జాగ్రత్తగా చూసుకుంటున్నారంటే ముఖ్యమైనవే అయి ఉంటాయనుకున్నాడట. ఆ ఆదివారం ఆయన భోజనం మా ఇంట్లోనే.

అప్పటి నుంచి ప్రతి ఆదివారమూ అంతే. ముద్దపప్పూ నెయ్యీ అంటే ప్రాణం పెట్టేవాడు, ఒడియం కొరికిన ప్రతిసారీ తాను కాపాడిన సరుకే కదా అన్న గర్వం మొహంలో కనబడేది. గిన్నెలో ఏదైనా పంపిస్తే ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వడం మావాళ్లలో లేదని మా ఆవిడ ఓసారి సరదాకు చెప్పింది. ఆ మాట ఆయన శాసనంలా పట్టుకున్నాడు. ఏం పంపినా సరే, గిన్నె మెరిసేలా కడిగి, అందులో రెండు ఆపిల్స్ గానీ చాక్లెట్ గానీ పెట్టి మా అమ్మాయి చేతికిచ్చేవాడు.

ఆయన కథ నాకు ముక్కలు ముక్కలుగా ఆ భోజనాల దగ్గరే తెలిసింది. బొగ్గుగనుల ఊళ్లో పుట్టాడు. తండ్రి గనిలో పనిచేసేవాడు. పదేళ్లకే పెద్ద క్లబ్బు వాళ్లు పిల్లల జట్టులోకి తీసుకుంటే ఊరు ఊరంతా సంబరపడిందట, పద్దెనిమిదేళ్లకు వాళ్లే ఇక అక్కర్లేదు పొమ్మన్నారట. తర్వాత రెండో తరగతి లీగు, మూడో తరగతి లీగు, అక్కణ్ణుంచి ఆస్ట్రియా, ఆ తర్వాత గ్రీసులో ఏదో దీవి. ఎక్కడా ఏడాదికీ రెండేళ్లకూ మించి లేడు. ఒకరోజు ఏజెంటు ఫోన్ చేసి సింగపూర్ అంటే, ముందు అట్లాస్ తీసి చూసి గానీ సరే అనలేదట. ఆ మాటకు నేను పడీపడీ నవ్వాను, ఎందుకంటే నేనూ చేసింది అదే పని. ఏజెంటూ, ఏడాది కాంట్రాక్టూ, పాసూ, రెన్యూవలూ ఇద్దరివీ ఒకటే. కాకపోతే నన్ను తల కోసం తెచ్చారు, ఆయన్ని కాళ్ల కోసం.

ఆటలో ఆయన డిఫెండర్. గోలు వేసేవాడు కాదు, వెనకాల నిలబడి అవతలివాళ్లు గోలు వెయ్యకుండా అడ్డుపడేవాడు. తొంభై నిమిషాలు బాగా ఆడితే ఎవరూ గుర్తించరనీ, ఒక్కసారి కాలు జారితే స్టేడియం అంతా తన పేరు తలుస్తుందనీ చెప్పి నవ్వేవాడు. మా సపోర్టు ప్రోగ్రామర్ల బతుకూ అదే కదా అని నేను వంత పాడేవాణ్ణి. అమ్మాయిని తీసుకుని ఆయన మ్యాచులకు పోవడం మొదలుపెట్టాను. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని నాకు ఆఫ్‌సైడ్ ఏమిటో ఇప్పటికీ సరిగ్గా బోధపడలేదు గానీ, పక్కన కూర్చున్న మలయ్ పెద్దవాళ్లతో కలిసి "రెఫరీ కాయూ!" అని అరవడం మాత్రం బాగా వంటబట్టింది. కాయూ అంటే మలయ్‌లో కర్ర. మొద్దు వెధవా అని భావం.

రెండో ఏడు సీజన్ చివరికి వస్తుండగా మా ఆవిడకు నెలలు నిండుతున్నాయి. ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన రెండో కాన్పు. పురుడు పొయ్యడానికి కోనసీమ నుంచి మా అత్తగారు దిగారు. ఆవిడ పెట్టెలో రెండు చీరలుంటే తక్కినదంతా వామూ, శొంఠీ, పిప్పళ్లూ, కాయం ముద్దలూ, పేర్లు నాకు తెలియని వేళ్లూ. విమానాశ్రయంలో ఆ పెట్టె తెరిపించి ఒక్కొక్క పొట్లం వాసన చూసిన కుర్ర అధికారిణి చివరికి తుమ్ములు ఆపుకోలేక వదిలేసిందని ఆవిడ వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. ఎదురింటాయన్ని చూసిన మొదటి రోజే "ఇంత పొడుగేంటమ్మా ఈ పిల్లాడు, వాళ్లమ్మ ఏం పెట్టి పెంచిందో!" అని బుగ్గలు నొక్కుకుని, అప్పటి నుంచి జర్మనీ బాబు అని పిలవడం మొదలుపెట్టారు. ఆయనకు అదే తన తెలుగు పేరని నమ్మకం కుదిరిపోయింది.

ఆ నవంబరు వానల్లో జరిగింది ఇది. తడి మైదానంలో ఆడుతూ ఆట చివర్లో ఎవరినో అడ్డుకోబోయి జారాడు. లేచాడు, ఆట ముగిసేదాకా ఆడాడు, చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు. మర్నాడు ఆదివారం నేను చెత్త సంచి పట్టుకుని బయటికొచ్చేసరికి, గోడ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుకుంటూ తలుపు తాళం తీసుకుంటున్నాడు. నన్ను చూసి చటుక్కున రెండో కాలు నేల మీద ఆనించి నిటారుగా నిలబడి నవ్వబోయాడు గానీ, మొహం పాలిపోయింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టాక నోరు విప్పాడు.

సీజన్‌లో ఇంకా మూడు మ్యాచులున్నాయి. అవి కాగానే కోచ్ వచ్చే ఏటికి ఎవరిని ఉంచుకోవాలో తేలుస్తాడు. విదేశీ ఆటగాళ్లలో ఒకణ్ణి తగ్గిస్తారని క్లబ్బులో అప్పటికే గుసగుసలు. కాలు చెడిందని తెలిస్తే తగ్గేది తానే. ముప్పై ఏళ్ల డిఫెండర్‌ని, అందునా కుంటివాణ్ణి, ప్రపంచంలో ఏ క్లబ్బూ పిలవదు. ఇంటికి పోయి చేసేదేముంది, నాన్న పనిచేసిన గని కూడా మూసేశారు అన్నాడు.  పద్దెనిమిదేళ్లప్పుడు పొమ్మన్న మాట మళ్లీ వినడానికి ఆయన సిద్ధంగా లేడు.

నేనేం చెయ్యాలి? నిజమైన స్నేహితుడైతే పద డాక్టరు దగ్గరికి అనాలి. నేను మాత్రం నాలోని కాంట్రాక్టు మనిషిని బయటికి తీశాను. రెన్యూవల్ నెలలో జబ్బు చెయ్యకూడదు, చేసినా తెలియనివ్వకూడదు అనే మా నియమాన్ని వేదంలా ఉపదేశించాను. సోమవారం ఎలాగూ సెలవు, మంగళవారం ప్రాక్టీసులో పొడుగు మేజోళ్లు వేసుకో, పట్టీ నువ్వే కట్టుకో, ఎవరు అడిగినా ఫైన్ అను అని వరసగా చెప్పుకుపోయాను. ఆయన బుద్ధిగా తలూపాడు. పైగా ఎంత తెలివైన సలహా ఇచ్చానో అని ఆ పూట నాకు లోలోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

భోజనానికి వచ్చిన మనిషి నడక చూడగానే అత్తగారు గరిటె పక్కన పెట్టేశారు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కాలు పీట మీద పెట్టించి, తమ మందుల పెట్టెలోంచి నల్లటి బెల్లపు ముక్కలాంటిది తీశారు. ముసాంబరం. కలబంద పసరు ఇగరబెట్టి గట్టిపరిచేది, మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది, పాలు మాన్పించడానికి ఒకందుకూ బెణుకులకు ఒకందుకూ. ఫ్లాట్‌లో సానరాయి ఎక్కడుంటుంది, కాఫీ కప్పు తిరగేసి దాని గరుకు అడుగు మీద నీళ్లచుక్క వేసి అరగదీశారు. మా అమ్మాయి గుడ్డు పగలగొట్టి తెల్లసొన గిన్నెలో పట్టుకుని నిలబడింది. రెండూ కలిపి, గరిటెలో గోరువెచ్చగా కాచి, చీలమండ చుట్టూ దట్టంగా పట్టు వేసి పాత ధోవతి గుడ్డ చుట్టారు. ఆ చేదు వాసన ఇల్లంతా కమ్ముకుంది. జర్మనీ బాబు మాత్రం కళ్లు మూసుకుని కూర్చున్నాడు, అంత శ్రద్ధగా తన కాలు ఎవరైనా చేతుల్లోకి తీసుకుని ఎన్నేళ్లయిందో.

పట్టు వేసే ముందు అత్తగారు ఎముక వెంట వేలితో నొక్కి చూశారు. ఒకచోట ఆయన ఊపిరి బిగబట్టాడు. ఆవిడ నావైపు తిరిగి, "బాబూ, వాపు వరకూ నా పట్టు తీసేస్తుంది. ఎముక మీద మాత్రం ఏదో ఉంది. రేపే డాక్టరుకి చూపించుకోమని చెప్పండి" అన్నారు. ఆవిడేమంటున్నారని ఆయన నన్నడిగాడు. పొద్దుటికల్లా తగ్గిపోతుందంటున్నారు, కడిగేస్తే పోతుంది అని చెప్పాను. ఇన్నేళ్లలో ఈ ముక్క నా అంతట నేనుగా మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. అత్తగారు చెప్పిన మాటలో సగం మింగేశాను, మిగిలిన సగం నేనే కల్పించాను.

వాపు తగ్గిన మాట నిజమే, పొద్దుటికి సగానికి సగం తీసింది. కడిగితే పోతుందన్నది మాత్రం శుద్ధ అబద్ధం. ముసాంబరం మరక అంత తేలిగ్గా వదిలేది కాదని నాకేం తెలుసు, నా చిన్నప్పటి బెణుకులకు మరక పడితే ఎవరు చూడొచ్చారు గనక! పాలలా తెల్లగా ఉండే ఆ కాలు మీద, పాదం నుంచి పిక్క దాకా, కాఫీ డికాషన్ రంగు మేజోడు తొడిగినట్టు తయారైంది. ఆయన సబ్బుతో తోమాడు. గిన్నెలు తోమే ద్రావకంతో తోమాడు. మా ఆవిడ గోళ్లరంగు చెరిపే సీసా ఇస్తే దాంతోనూ రుద్దాడు. చర్మం ఎర్రబడింది గానీ రంగు ఇసుమంత కదల్లేదు. ఇద్దరం స్నానాలగది గుమ్మంలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మేజోళ్లున్నాయిగా, ఎవరు చూస్తారు అని మళ్లీ ధైర్యం చెప్పింది కూడా నేనే.

చూసినవాడు ఒకడున్నాడు. క్లబ్బులో ఆటగాళ్లకు మర్దనా చేసి పట్టీలు కట్టే పెద్దాయన, అందరూ అంకుల్ అనేవారు. మంగళవారం ప్రాక్టీసుకు ముందు వరసగా అందరి కాళ్లకూ పట్టీలు కడుతుంటే, మా వాడు ఎప్పుడూ లేనిది నాది నేనే కట్టుకున్నాను అన్నాడట. అంకుల్ చేతిలోని పట్టీ పక్కన పెట్టాడట. కాస్త దగ్గరకు వచ్చి, ముక్కెగరేసి, కాలి దగ్గర వంగి మేజోడు వేలితో ఇంత కిందికి దించి చూసి, మళ్లీ పైకి లాగి, ఈ పూట పరుగెత్తొద్దు, కూర్చో అన్నాడట. కోచ్‌కు కడుపు బాగాలేదని ఏదో చెప్పాడట. ఆ సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుండగా మా తలుపు గంట మోగింది.

గుమ్మంలో నెరిసిన జుట్టుతో నల్లటి బక్కపల్చటి మనిషి. మా మామిడాకుల తోరణం వంక ఓసారి చూసి, నన్ను దాటి లోపలున్న అత్తగారిని పలకరించాడు. "ఏటమ్మా, తెలుగోల్లేనా? ఆ జర్మనోడి కాలికి మందు మీరే ఏసినారా? మా పాటీ ఇదే ఏసీది. వాసన సూడగానే తెలిసిపోనాది." నేను తెల్లబోయాను. పాటీ అంటే తమిళంలో అమ్మమ్మ. ఆయన తాత ఎప్పుడో విశాఖ తీరం నుంచి ఓడెక్కి మలయాలో రబ్బరు తోటలకు వచ్చినవాడట, ఆ ఊరి మొహం ఈయన జన్మలో చూడలేదు. మాటలో తమిళమూ మలయూ కలిసిపోయినా, వెనకాల మాత్రం మూడు తరాల కిందటి ఉత్తరాంధ్ర తెలుగు చెక్కుచెదరకుండా ఉంది. తెల్లవాడి కాలి మీద తన అమ్మమ్మ చేతి వాసన తగిలేసరికి ఆయనకు పొద్దున్నుంచీ మనసు మనసులో లేదట.

అత్తగారి ఆనందం చెప్పనలవి కాదు. కాఫీ ఇచ్చారు, కోడలెవరు పిల్లలెందరని అడిగారు. అంకుల్ అన్నిటికీ జవాబు చెప్పి అసలు సంగతికి వచ్చాడు. "మందు మంచిదేనమ్మా. ఎముక సకిత్ ఉందా, లేదా? అది సెప్పండి." సకిత్ అంటే నొప్పి అని నేను చెప్పబోయేలోపే ఆవిడకు అర్థమైంది. "బెణుకైతే నా పట్టే చాలు నాయనా. ఎముక మీద వేలు పెడితే ప్రాణం విలవిల్లాడింది ఆ పిల్లాడికి. డాక్టరుకి చూపించమని ఆవేళే చెప్పానే మా అల్లుడుగారితో!"

అంకుల్ నావైపు చూశాడు. "సెప్పినావా?" అన్నాడు. ఎదురింటి తలుపు తెరిచే ఉంది, మా మాటల చప్పుడు విని జర్మనీ బాబు అప్పటికే మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. లేదు అని గొణిగాను. అంకుల్ ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా విడమరిచి, అత్తగారు ఆదివారం నాడు నిజంగా ఏమన్నారో ఆయనకు చెప్పాడు. ఆయన కోపంగా అరిచినా బాగుండేది. నా వంక అలా చూస్తూ నిలబడి, వెనక్కి తిరిగి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మర్నాడు అంకులే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఎక్స్‌రేలో చిన్న ఎముకకు సన్నటి పగులు కనబడింది. దాని మీద ఇంకొక్క మ్యాచ్ ఆడి ఉంటే ఎముక పూర్తిగా విరిగి, మళ్లీ మైదానం ఎక్కేవాడివి కాదు అన్నాడట డాక్టరు. ఆరు వారాలు కట్టు, చంకకర్రలు. మూడు మ్యాచులూ పోయాయి. ఇక కాంట్రాక్టు మాట కోచ్ దయ.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. లిఫ్టులో నేను హలో అంటే అంకెల వంక చూసేవాడు. ఆఫీసులో కూర్చుంటే అదే ధ్యాస, నా తెలివి వల్ల ఒక మనిషి కాలు పోయేది కదా అని అన్నం సయించేది కాదు. అత్తగారు మాత్రం పూటపూటా గిన్నెలో ఏదో ఒకటి పెట్టి అమ్మాయి చేత ఎదురింటికి పంపేవారు. మొదటి రోజు ఆ గిన్నె తిరిగొచ్చే దాకా నేను హాల్లోంచి కదల్లేదు. వచ్చింది. మెరిసేలా కడిగి ఉంది, లోపల రెండు ఆపిల్స్. ఎంత కోపమున్నా గిన్నె ఖాళీగా పంపలేదు. అమ్మయ్య అనుకున్నాను, ఆ పూట మాత్రం కడుపునిండా తిన్నాను.

పదో రోజు సాయంత్రం చంకకర్రల టకటకలు మా గుమ్మం ముందు ఆగాయి. కోచ్ పిలిపించాడట. అంకుల్ జరిగిందంతా, మరకతో సహా, చెప్పేశాడట. పగిలిన ఎముకతో ఆట ముగించి చప్పట్లు కొట్టించుకున్న మూర్ఖుణ్ణి నా సర్వీసులో చూడలేదని కోచ్ మొదట చెడతిట్టాడట. తర్వాత, కాలు నయమయ్యే షరతు మీద ఆరు నెలలకు కాంట్రాక్టు రాస్తాను, ఇంకోసారి దాస్తే నేనే విమానం ఎక్కిస్తానన్నాడట. ఆ కబురు చెప్పి, ఎందుకు నాకు నిజం చెప్పలేదు అని అడిగాడు. నీ స్థానంలో నన్ను పెట్టుకుని ఆలోచించాను, నేనైతే దాచేవాణ్ణి అన్నాను. అయితే ముందు నువ్వు మారాలి అని నవ్వేశాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అత్తగారు లోపల్నుంచి విస్తట్లో ముద్దపప్పు వడ్డించాను రమ్మని కేకేశారు.

మారానండోయ్. ఆ మర్నాడే ఆఫీసుకు పోయి, అది నా రెన్యూవల్ నెల అని తెలిసి తెలిసీ, మా మేనేజరమ్మ ముందు నిలబడి, మా ఆవిడకు కాన్పు దగ్గరపడింది, వారం సెలవు కావాలని అడిగాను.  ఆవిడ కంప్యూటర్ మీంచి తలెత్తి, "అయ్యో, వై యూ నెవర్ సే ఎర్లియర్ లా!" అని ఎదురు నన్నే కోప్పడి, వారం కాదు పది రోజులు రాసిచ్చింది. కాంట్రాక్టూ పొడిగించారు. ఇన్నేళ్లూ నేను భయపడుతూ దాచిందంతా ఎవరూ అడగనిదేనేమో. చిన్నమ్మాయి పుట్టిన రోజున ఆసుపత్రికి చంకకర్రలతో మొదట వచ్చినవాడు జర్మనీ బాబే, వెనకాల అంకులూ ఆయన భార్యా.

ఆ ఆరు నెలలు కాస్తా మూడేళ్లయింది. తర్వాత మలేషియా, ఇండోనేషియా, ఆఖరున వియత్నాం. ముప్పై ఎనిమిది నిండేదాకా ఆడాడు. ఊరు మారినప్పుడల్లా ఒక పోస్టుకార్డు వచ్చేది, చివరి వాక్యం ఎప్పుడూ ఒకటే: కాలు బాగుంది, అమ్మకు చెప్పు. అమ్మంటే చిన్నమ్మాయి పుట్టాక మా దగ్గరే ఉండిపోయిన అత్తగారు. ఇప్పుడు సొంత ఊళ్లో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. దెబ్బ దాచిన పిల్లవాణ్ణి వారం కూర్చోబెట్టడం అక్కడి నియమమట. అత్తగారు పోయినప్పుడు కబురు రాస్తే, మాటలు రావడం లేదని మాత్రం రాసి, పార్సిల్‌లో ఒక గిన్నె పంపాడు. ఆయన వెళ్లిపోయిన రోజున దారికి పులిహోర పెట్టి ఆవిడ ఇచ్చిన స్టీలు గిన్నె. నిండా వాళ్ల ఊరి చాక్లెట్లు.

ఇప్పుడు మా అంతస్తులో ఎదురు తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. అందులో ఉండేవాళ్ల పేరు నాకు తెలియదు, నా పేరు వాళ్లకు తెలియదు. కారిడార్‌లో ఒడియాలు పెడితే నోటీసు వస్తుంది. అంకుల్ లేడు. వాసన పట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, మా పాటీ మందు కదా అని అడిగే మనుషులు ఈ ఊళ్లో ఇంకా ఎందరున్నారో నాకు తెలియదు. కాంట్రాక్టు కుర్రాళ్లు మాత్రం ఇప్పటికీ జ్వరం మాత్ర మింగి రైలెక్కుతూనే ఉన్నారు, రైల్లో వాళ్ల మొహాలు చూస్తే నాకు ఇట్టే తెలిసిపోతుంది.

మంగళవారం సాయంత్రం మనవరాలి చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను కదా. నోటితో ఎవరికీ చెప్పలేదు. అత్తగారి మందుల పెట్టెలో అడుగున మిగిలిన ఉసిరికాయంత ముక్క తీసి, కాఫీ కప్పు తిరగేసి అరగదీసి, గుడ్డుసొనలో కలిపి దట్టంగా పట్టు వేశాను. యక్, స్టింకీ అంటూ ముక్కు మూసుకుంది గానీ, తాత మీద నమ్మకంతో కాలు కదపలేదు. పొద్దున్నే కడిగేస్తే పోతుందా తాతా అని అడిగింది. ఈసారి అబద్ధం చెప్పలేదు, గుడ్డ ముడి బిగించి లేచాను. తెల్లారి పిల్ల బడికి తయారవుతుంటే మా పెద్దమ్మాయి దాని గది గుమ్మం దగ్గరే ఆగిపోయి, గాలి పీల్చి, ఒకప్పుడు గుడ్డుసొన గిన్నె పట్టుకుని నిలబడిన ఎనిమిదేళ్ల పిల్ల మొహంతో నావైపు తిరిగి, "నాన్నా, ముసాంబరమా?" అని, కూతురితో "కాలు చూపించవే నువ్వు!" అంది. నల్లటి చీలమండ బయటపడింది. డాక్టరు బెణుకేనన్నాడు గానీ రెండు వారాలు నేల మీద ఆనించొద్దన్నాడు. శనివారం సెలక్షన్ పోయింది.

మనవరాలు నాతో మాట్లాడి ఇవాళ్టికి అయిదో రోజు. భోజనాల దగ్గర ఎదురుగా కూర్చుని గోడ గడియారం వంక చూస్తుంది. ఇందాక దాని గదిలోకి జంతికల గిన్నె పంపించాను. జర్మనీ బాబుకు తొమ్మిది రోజులు పట్టింది కదా అని నాకు నేనే చెప్పుకుంటూ, ఆ గిన్నె ఎలా తిరిగొస్తుందా అని హాల్లో కూర్చుని చూస్తున్నాను.